ఎరువు కటకంలో ఓఖ్లా

ఎరువు సొమ్ము బరువు చేటు అన్నారు పెద్దలు. ఎరువు తెచ్చుకున్న కెమెరా కటకం విషయంలో ఈ సామెత అక్షరాలా వర్తిస్తుంది. 100 నుండి 400 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల టెలిఫోటో జూమ్ కటకం సుమారు కిలోన్నర బరువుంటుంది. చేతులు గుంజడం ఒక ఎత్తు. పరాయి సొత్తుకు గీత పడుతుందేమోనన్న భయం మరొక ఎత్తు. ఒక మిత్రుడు ఒక్క శీతకాలపు ఆదివారం నిమిత్తం దయతో ఇచ్చిన అటువంటి కటకాన్ని పరీక్షించడానికి ఈ విలేఖరి ఎన్నుకున్న స్థలం యమునా తీరంలోని ఓఖ్లా పక్షుల అభయారణ్యం. రాజధానిలో దూరపు వస్తువులకు కొరత లేదు. కాని మంత్రుల నివాసాల వైపు పొడవాటి కటకం ఎత్తితే పోలీసులు ఊరుకోరు. పక్షులకు అటువంటి అభ్యంతరం లేదు.

సాధారణమైన 50 మిల్లీమీటర్ల కటకానికి నలుసువలె కనిపించే పక్షి 400 వద్ద ఎనిమిదింతలై కళ్ళముందు నిలుస్తుంది. గరిటె వంటి ముక్కుతో నీటిని జల్లించే బాతులు, నుదుట తెల్లని మచ్చగల నల్లని నీటికోళ్ళు, ఉత్తర దేశాలనుండి వలస వచ్చే గల్ పక్షులు చేయి చాస్తే అందేటట్లున్నవి. అయితే ఈ సౌలభ్యానికి మూల్యం లేకపోలేదు. పక్షితోపాటు చేతి వణుకూ ఎనిమిదింతలవుతుంది. అందుచేత 400 వద్ద సెకనులో 400వ వంతుకు మించి షట్టరు తెరిచి ఉంచరాదన్నది ఛాయాగ్రాహకుల వాడుక సూత్రం. వణుకును సవరించే యంత్రాంగం నేటి కటకాలలో ఉన్నా, ఎగిరే పక్షి విషయంలో అది అక్కరకు రాదు. పైగా కటకానికీ పక్షికీ నడుమ ఢిల్లీ శీతకాలపు పొగ, మంచు, ధూళి తెరగట్టి ఉంటాయి. ఎంత ఖరీదైన కటకమైనా ఆ తెరను తొలగించజాలదు.

ఈ కటకం నేర్పే ముఖ్యమైన పాఠం వేరొకటి ఉన్నది. దూరాన నిలిచి విశాల దృశ్యంలో చిన్న తునకను మాత్రమే గ్రహించడం వలన, ముందు వెనుకల వస్తువుల మధ్య ఎడం కుదించుకుపోయినట్లు కనిపిస్తుంది. మామూలు కంటికి బాతు వేరు, దాని చుట్టూ అల్లుకున్న గుర్రపుడెక్క వేరు, విద్యుత్ స్తంభాలు వేరు, ఆవలి ఒడ్డున నోయిడా మేడలు వేరు. కటకంలో ఇవన్నీ ఒకే పలకపై అతికించినట్లు వచ్చి చేరుతాయి. అందమైన బొమ్మ కోరేవారు దీనిని లోపంగా భావించి, మేడలు కనిపించని కోణం వెదుక్కుంటారు. రాజకీయ దృష్టి గలవారికి అదే అసలు చిత్రం.

ఏలనన, మన ప్రభుత్వాలు కూడ ఈ నదిని తునకలుగానే చూస్తున్నాయి. ఎగువన హథినీకుండ్ వద్ద జలాలను కాలువలకు మళ్ళించేది హర్యానా. వజీరాబాదు దాటగానే నజఫ్‌గఢ్ మురుగును నదిలో కలిపేది ఢిల్లీ. ఓఖ్లా బ్యారేజిని నిర్వహించేది ఉత్తరప్రదేశ్ నీటిపారుదల శాఖ. 1990లో ఇక్కడ సుమారు 400 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించినదీ ఆ రాష్ట్ర ప్రభుత్వమే. బ్యారేజి గేట్లు ఎత్తితే అభయారణ్యంలో నీటిమట్టం పడిపోతుంది. 1376 కిలోమీటర్ల యమునలో వజీరాబాదు నుండి ఓఖ్లా వరకు గల 22 కిలోమీటర్లు రెండు శాతమైనా కాదు. నది మోసే కాలుష్యంలో మూడు వంతులకు పైగా చేరేది ఇక్కడే. 1993లో జపాన్ ఋణ సహాయంతో యమునా కార్యాచరణ ప్రణాళిక ప్రారంభమైంది. 1994లో ఐదు ప్రభుత్వాలు జలాల పంపకంపై ఒడంబడిక చేసుకున్నాయి. అయినా నీటి దుస్థితికి బాధ్యులెవరంటే ప్రతి ప్రభుత్వమూ పొరుగు ప్రభుత్వాన్నే చూపుతున్నది.

హద్దుల విషయంలోనూ ఇదే తంతు. వన్యప్రాణి మండలి అనుమతి లేకుండా అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపలి భవనాలకు పూర్తి ధ్రువపత్రాలు ఇవ్వరాదని 2013 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. వేలాది గృహాల అప్పగింత నిలిచిపోయింది. 2015 ఆగస్టులో కేంద్రం రక్షిత పరిధిని నిర్ణయించింది: తూర్పు, పడమర, దక్షిణ దిక్కులలో 100 మీటర్లు, ఉత్తరాన 1.27 కిలోమీటర్లు. 10 కిలోమీటర్ల దూరం 100 మీటర్లయింది! దూరాన్ని ఇంతగా కుదించగల కటకాన్ని ఏ కర్మాగారమూ ఇంకా తయారు చేయలేదు.

కొల్లేటి చరిత్ర ఎరిగిన తెలుగువారికి ఇది కొత్త కథ కాదు. 1999లో ఐదవ కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించిన సరస్సును మూడవ కాంటూరుకు పరిమితం చేయాలని 2008లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది. అక్కడ రైతుల, మత్స్యకారుల జీవనం. ఇక్కడ కూడబెట్టిన సొమ్ముతో ఇల్లు కొనుక్కున్న మధ్యతరగతి గృహస్థు గోడు. వీరి కష్టం అబద్ధం కాదు. కాని 1990లో అభయారణ్యాన్ని ప్రకటించిన వెంటనే చుట్టూ రక్షిత పరిధిని కూడ నిర్ణయించి ఉంటే, 2013లో ఆ గృహస్థుకు ఈ దురవస్థ కలిగేదే కాదు. ఇల్లు కట్టనిచ్చి, అమ్మనిచ్చి, తర్వాత హద్దు గీయడం ప్రారంభిస్తే, కుదించుకుపోయేది ఎప్పుడూ నీటి పక్షమే. నీటికి ఓటు లేదు.

ఎగువ నీరు, నగరపు మురుగు, బ్యారేజి గేట్లు, గట్టు మీది కట్టడాలు అనే నాలుగింటినీ ఒకే బల్లపై పెట్టి నిర్ణయం తీసుకోగల అధికారం ఒకే సంస్థకు ఉండాలి. ఆ సంస్థకు మూడు రాష్ట్రాలూ తలొగ్గాలి. అంతవరకు ఎన్ని కోట్లు వెచ్చించినా యమున బాగుపడుతుందని ఆశించడం వ్యర్థం.