సిగ్నల్ నిండుగా ఉన్నా.. ఫోను కలవదెందుకు?

అమలాపురం: సెల్‌ఫోన్ తెరపై సిగ్నల్ గీతలు నిండుగానే కనిపిస్తాయి. నంబరు నొక్కితే మాత్రం కలవదు. తీర్థాలు, తిరునాళ్లు, తుపాను హెచ్చరికల వేళ వినియోగదారులకు తరచూ ఎదురయ్యే ఇబ్బంది ఇది. గీతలు తెలిపేది టవరు నుంచి అందుతున్న తరంగాల బలాన్ని మాత్రమే. టవరులో దారి ఖాళీగా ఉన్నదీ లేనిదీ వాటివల్ల తెలియదు. ఈ దారులనే సాంకేతిక పరిభాషలో ఛానెళ్లు అంటారు.

వంతులవారీ విధానం..
దాళ్వాలో నీరు చాలనప్పుడు డెల్టా కాలువలకు వంతులవారీగా వదలడం రైతులకు తెలిసిందే. 2జీ టవరు పద్ధతీ అదే. 200 కిలోహెర్ట్జ్‌ల వెడల్పు గల ఒక్కో తరంగ మార్గాన్ని కాలాన్ని బట్టి 8 వంతులుగా విభజిస్తారు. వంతులన్నీ ఒక చుట్టు తిరగడానికి పట్టేది సుమారు 4.6 మిల్లీసెకన్లే. అందువల్ల ఒకే మార్గంలో పలువురు మాట్లాడుతున్నా ఎవరికీ అంతరాయం తెలియదు. వీటిలో ఒకటి రెండు వంతులను నియంత్రణ ఛానెళ్లకు కేటాయిస్తారు. కాల్ వచ్చిందని ఫోనుకు తెలిపేవి, ఏ వంతు వాడుకోవాలో సూచించేవి ఇవే.

సందేశానికి వేరే దారి..
2జీలో ఎస్ఎంఎస్ ఈ నియంత్రణ ఛానెళ్ల మీదుగానే ప్రయాణిస్తుంది. అందుకే మాటల వంతులన్నీ నిండిపోయినా సందేశం చేరే అవకాశం ఉంటుంది. ఒక సందేశం పరిమాణం 140 బైట్లు. ఆంగ్లంలో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే పడతాయి. గుణింతపు గుర్తులూ విడిగా లెక్కకు వస్తాయి.

డేటాకు మిగిలినదే..
2జీలో ఇంటర్నెట్‌కు ప్రధానంగా మాటలకు పోగా మిగిలిన వంతులే దక్కుతాయి. కాల్స్ పెరిగితే డేటా నెమ్మదించడానికి కారణమిదే. 4జీలో మాట కూడా డేటా రూపంలోనే వెళ్తుంది. అయితే దానికి ప్రాధాన్యం ఇస్తారు. తరంగాలను 180 కిలోహెర్ట్జ్‌ల ముక్కలుగా చేసి, ఏ ముక్క ఎవరికో ప్రతి మిల్లీసెకనుకూ టవరే నిర్ణయిస్తుంది. 10 మెగాహెర్ట్జ్‌లలో లభించే ముక్కలు 50. వాడకందారులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది.

తుపాను వేళ ఏం చేయాలి?
ఫోను కలవనప్పుడు పదేపదే ప్రయత్నిస్తే రద్దీ మరింత పెరుగుతుంది. క్షేమ సమాచారాన్ని చిన్న సందేశంగా పంపడం మేలు. అవతలి ఫోను అందుబాటులో లేకున్నా సందేశం కేంద్రంలో కొంతకాలం నిల్వ ఉండి, తర్వాత చేరుతుంది. టవరుకు విద్యుత్తు ఆగిపోతే మాత్రం ఏ ఛానెలూ పనిచేయదు. కాబట్టి తుపాను తీరం దాటకముందే అయినవారికి సమాచారం అందించాలి.

అధికారుల హెచ్చరికల కోసం సెల్ బ్రాడ్‌కాస్ట్ విధానం ఉంది. ఇందులో నంబర్లతో నిమిత్తం లేకుండా టవరు పరిధిలో ఈ సదుపాయం గల ఫోన్లన్నింటికీ ఒకేసారి సందేశం అందుతుంది. దీనిని 2023లో దేశంలో పలు విడతలుగా పరీక్షించారు. ఫోను సెట్టింగులలో అత్యవసర హెచ్చరికలను నిలిపివేయకుండా చూసుకోవాలి.