రిమోట్ విమానం సరదాకి అసలు ఎంత అవుతుంది?



పోయిన నెల పేరెంట్-టీచర్ మీటింగులో ఎనిమిదో తరగతి అమ్మాయి తండ్రి ఒకరు మార్కుల షీటు మీద సంతకం పెట్టి లేవబోయి మళ్లీ కూర్చున్నారు. ఫోన్ తీసి ఒక రిమోట్ విమానం ఫోటో చూపించారు. ధర పద్దెనిమిది వేలు. "సార్, మా పాప మూడు నెలల నుంచి ఇదే అడుగుతోంది. పుట్టినరోజుకి కొందామనుకుంటున్నాను. ఇదొక్కటి కొంటే అయిపోతుందా, దీని వెనక ఇంకా ఏమైనా ఉంటాయా? సెకండ్ టర్మ్ ఫీజు కూడా కట్టాలి, అందుకని అడుగుతున్నా" అన్నారు.

నేను ఫిజిక్స్ చెబుతాను. పదకొండేళ్లుగా ఆదివారాలు ఇలాంటి విమానాలు ఎగరేస్తున్నాను. అయినా ఆ రోజు ఆయనకి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, బయట ఇంకా పదిమంది పేరెంట్స్ నిలబడి ఉన్నారు. ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను. చాలా ఇళ్లలో ఇదే ప్రశ్న ఉండి ఉంటుంది.

ముందుగా ఒక తేడా చెప్పాలి. ఎగ్జిబిషన్లలో, బొమ్మల షాపుల్లో రెండు మూడు వేలకి దొరికేవి ఆటబొమ్మలు. రెక్క విరిగినా మోటారు కాలినా పారేయడమే, దాని విడిభాగాలు ఎక్కడా దొరకవు. ఈ సరదా ఉన్నవాళ్లు వాడేవి వేరు. వాటిలో ప్రతి ముక్కా విడిగా కొనొచ్చు, మార్చొచ్చు. ఖర్చు మొదలయ్యేదీ అక్కడే, పిల్లలు నేర్చుకునేదీ అక్కడే.

డబ్బు ఎక్కడికి పోతుంది?

ఈ సామాన్లని రెండు రకాలుగా చూస్తే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. కొన్ని ఏళ్ల తరబడి ఉండేవి, కొన్ని అరిగిపోయేవి.

ఏళ్ల తరబడి ఉండేవాటిలో మొదటిది ట్రాన్స్‌మిటర్, అంటే చేతిలో పట్టుకునే రిమోట్. 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేసే ఆరు ఛానెళ్ల రిమోట్, విమానంలో పెట్టే రిసీవర్‌తో కలిపి, నాలుగున్నర వేల నుంచి ఐదున్నర వేల దాకా ఉంటుంది. దాన్నే ఒక విమానం నుంచి ఇంకో విమానానికి మార్చుకోవచ్చు. నా మొదటి రిమోట్ ఇప్పటికీ పనిచేస్తోంది. రెండోది ఛార్జర్. బ్యాటరీలోని ఒక్కో సెల్‌నీ సమానంగా నింపే మంచి ఛార్జర్‌కి పదిహేను వందల నుంచి రెండున్నర వేలు. మూడు నాలుగు వందల ఛార్జర్లు కూడా ఉన్నాయి, కానీ ఈ ఒక్క వస్తువు దగ్గర మాత్రం డబ్బు ఆదా చేయకండి. ఎందుకో కింద చెబుతాను.

ఇక విమానం. బ్రష్‌లెస్ మోటారు, దాని వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ కలిపి వెయ్యి రూపాయల చుట్టుపక్కల. రెక్కల పలకల్నీ తోకనీ కదిపే చిన్న సర్వోలు మూడో నాలుగో కావాలి, ఒక్కోటి నూటయాభై రెండు వందలు. ప్రొపెల్లర్లు యాభై నుంచి వంద. మూడు సెల్స్ ఉన్న 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ పదిహేను వందల నుంచి రెండు వేల పైన. బాడీకి ఫోమ్ షీట్లు, లేదంటే ఎన్నికలప్పుడు స్తంభాలకి కట్టే సన్‌ప్యాక్ షీట్లు. వాటికి నాలుగైదు వందలు చాలు. గ్లూ గన్, సోల్డరింగ్ ఐరన్, కనెక్టర్లు మరో ఐదారు వందలు. (థర్మాకోల్‌కి ఫెవిక్విక్ వాడొద్దు. అది అతకదు, థర్మాకోల్‌నే తినేస్తుంది. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరైనా ఇది చేసి చూపిస్తారు.)

అంతా కలిపితే పది వేల నుంచి పద్నాలుగు వేల మధ్య తేలుతుంది. ఆన్‌లైన్‌లో కొంటే ఇంచుమించు ఇంతే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి కోఠీ గుజరాతీ గల్లీలో చిన్న చిన్న ఎలక్ట్రానిక్ సామాన్లు కొంచెం తక్కువకి దొరకొచ్చు. తయారుగా వచ్చే పద్దెనిమిది వేల విమానం కొంటే మీరు ఎక్కువ పెట్టింది ఆ తయారీకే. పిల్లలకి అసలు చదువు మాత్రం ఆ తయారీలోనే ఉంది. మోటారు మీద "1000 కేవీ" అని ఉంటుంది. లోడ్ లేనప్పుడు ఒక్కో వోల్టుకి నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతుందని దాని అర్థం. 11.1 వోల్టుల బ్యాటరీ పెడితే ఎన్ని చుట్లు అని అడిగితే, క్లాసులో తలెత్తని పిల్లవాడు కూడా ఇక్కడ టక్కున చెబుతాడు.

ఎవరూ చెప్పని ఖర్చులు

పై లెక్క ఏ యూట్యూబ్ వీడియోలోనైనా ఉంటుంది. ఉండనిది చెబుతాను.

మొదటిది బ్యాటరీ. 2200 ఎంఏహెచ్ బ్యాటరీ నుంచి మోటారు సగటున 12 ఆంపియర్లు లాగితే పదకొండు నిమిషాల్లో ఖాళీ. లైపోని పూర్తిగా ఖాళీ చేస్తే పాడవుతుంది కాబట్టి ఎనభై శాతం దగ్గరే దించేయాలి. అంటే ఎగిరేది తొమ్మిది నిమిషాల లోపే. మళ్లీ ఛార్జ్ కావాలంటే గంట. ఊరవతలి గ్రౌండుకి అంత దూరం వెళ్లి తొమ్మిది నిమిషాలు ఎగరేసి గంట కూర్చోవాలంటే ఏ పిల్లలకైనా కష్టమే. కాబట్టి రెండో నెలలో ఇంకో బ్యాటరీ అడుగుతారు, నాలుగో నెలలో మూడోది. అది గారాబమో మారామో కాదు, నిజంగానే అవసరం. ఆ మాట మొదటి రోజే తెలిసి ఉంటే ఇంట్లో గొడవ ఉండదు.

బ్యాటరీ ఎంత కాలం వస్తుందన్నది చూసుకునేదాన్ని బట్టి ఉంటుంది. పద్దెనిమిది వందలు పెట్టి కొన్న బ్యాటరీ నా దగ్గర నూటయాభై సార్లు ఎగిరింది, అంటే ఎగురుకి పన్నెండు రూపాయలు. అదే ధర పెట్టి కొన్న ఇంకోదాన్ని మొదట్లో తెలియక పూర్తిగా ఖాళీ చేసి, ఫుల్ ఛార్జ్‌తో వారాల తరబడి వదిలేసి, ముప్పై సార్లకే ఉబ్బించేశాను. ఎగురుకి అరవై. వాడనప్పుడు సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచాలని అప్పుడు నాకు చెప్పినవాళ్లు లేరు.

రెండోది పెట్రోలు. మేం ఎగరేసే ఖాళీ స్థలం మా ఇంటికి ముప్పై ఐదు కిలోమీటర్లు. రానుపోను డెబ్భై. సామాన్లతో, మా వాడితో కారులో వెళితే ఒక ఆదివారానికి ఐదు వందలు. నెలకి రెండు ఆదివారాలు అనుకుంటే ఏడాదికి పన్నెండు వేలు. విమానం ఖర్చెంతో దారి ఖర్చూ అంతే! ఈ సంగతి మా ఆవిడ కనిపెట్టింది, నేను కాదు. రెండేళ్ల పాటు విమానం బిల్లులు మాత్రమే డైరీలో రాసి, "పెద్ద ఖర్చేం కాదు" అని చెబుతూ వచ్చాను.

మూడోది కూలిపోవడం. కూలుతుంది, అందులో అనుమానం పెట్టుకోవద్దు. విమానం మన నుంచి దూరంగా వెళుతున్నప్పుడు కుడి కుడే. మన వైపు తిరిగి వస్తున్నప్పుడు దాని కుడి మనకి ఎడమ. చేతికి ఇది అలవాటయ్యే దాకా ప్రతి మలుపులోనూ పొరపాటే. మొదటి నెలలో నేను మూడు బాడీలు, ఎనిమిది ప్రొపెల్లర్లు, ఒక మోటారు పోగొట్టాను. ఆ నెల ఖర్చు రెండు వేల ఆరు వందలు. దానికి విరుగుడు సిమ్యులేటర్ అని తర్వాత తెలిసింది. పికాసిమ్ లాంటివి ఫోన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. చిన్న యూఎస్‌బీ రిసీవర్ కొంటే అసలు రిమోట్‌తోనే కంప్యూటర్‌లో నేర్చుకోవచ్చు. మా వాడు నెల రోజులు స్క్రీన్ మీద వందల విమానాలు కూల్చాడు, పైసా ఖర్చు లేదు. గ్రౌండులో మొదటి రోజే తిన్నగా దించాడు. నాకు మాత్రం కొంచెం చిన్నతనంగానే అనిపించింది.

అమెరికాలో ఉన్న బాబాయో మేనమామో తెస్తానంటే ఒక జాగ్రత్త. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. విడిభాగాలకి ఆ నిషేధం లేదు. విడి బ్యాటరీలు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు, చేతిసంచిలోనే తేవాలి.

ఈ సరదాకి పైన కప్పు లేదన్నది కూడా తెలిసి ఉండాలి. ఫోమ్ తర్వాత బాల్సా కర్రతో చేసినవి, ఆ తర్వాత ఇంజిన్‌వి. గ్లో ఇంజిన్లకి పోసే ఇంధనంలో మిథనాల్‌తో పాటు ఆముదం కలుపుతారు, ఇంజిన్ లోపల రాపిడి తగ్గడానికి. మన మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్ట పొలాల్లో పండే ఆముదమే! ఆ పొగ వాసన ఒకసారి పీలిస్తే మర్చిపోలేం. ఇంకా పైకి వెళితే నిజమైన టర్బైన్ జెట్ మోడళ్లు, కిరోసిన్‌తో నడుస్తాయి. అక్కడ లెక్క లక్షల్లో. అవన్నీ సొంత సంపాదన ఉన్న పెద్దవాళ్ల సరదాలు. మీ పాప ఫోన్‌లో చూసే వీడియోల్లో ఎక్కువ భాగం వాళ్లవే కాబట్టి ఏది ఎక్కడిదో విడదీసి చెప్పాల్సింది మనమే.

రూపాయల్లో చెప్పలేనివి

ఆరేళ్ల క్రితం ఒక రాత్రి ఉబ్బిన లైపోని "ఇంకొక్కసారి వస్తుందిలే" అని ఛార్జింగ్‌కి పెట్టి భోజనానికి కూర్చున్నాను. అన్నం కలుపుతుండగా బుస్సుమని చప్పుడు. వెళ్లి చూస్తే ప్లైవుడ్ అల్మరా అర మండుతోంది, గది నిండా తెల్లటి పొగ. పక్క గదిలో మా వాడు నిద్రపోతున్నాడు. వాణ్ని ఎత్తుకుని మా ఆవిడ బయటికి పరిగెత్తింది. మేడ మీద కుండీల్లోని మట్టి తెచ్చి పోసి నేను ఆర్పాను. పోయింది ఒక అర, కొన్ని పుస్తకాలు. ఆ రాత్రి గురించి మా ఇంట్లో ఇప్పటికీ ఎక్కువ మాట్లాడుకోం.

కాబట్టి ఇవి పాటించండి. ఛార్జింగ్ ఎప్పుడూ గచ్చు మీదే, పరుపు మీదా కర్ర బల్ల మీదా కాదు. పక్కన ఇసుక బకెట్ ఉండాలి. పెద్దవాళ్లు అక్కడే మెలకువగా ఉండాలి. రాత్రి పెట్టి పడుకోకూడదు. 2200 ఎంఏహెచ్ బ్యాటరీని 2.2 ఆంపియర్లకి మించి ఛార్జ్ చేయొద్దు. ఉబ్బినదాన్ని మళ్లీ వాడొద్దు. ప్రొపెల్లర్ విషయం కూడా. పది అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరిగితే దాని కొన గంటకి దాదాపు 380 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. ఇంట్లో మోటారు పరీక్షించేటప్పుడు ముందు ప్రొపెల్లర్ ఊడదీయాలి.

ఎక్కడ ఎగరేయాలన్నది మన ఇష్టం కాదు. రిమోట్‌తో ఎగిరేవన్నీ 2021 డ్రోన్ రూల్స్ కిందికి వస్తాయి. 250 గ్రాముల లోపువి నానో, అక్కడి నుంచి రెండు కిలోల దాకా మైక్రో. నానోకి, సరదా కోసం ఎగరేసే మైక్రోకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతకు మించినవాటి సర్టిఫికెట్‌కి పద్దెనిమిదేళ్లు నిండాలి. సర్టిఫికెట్ అక్కర్లేదంటే నిబంధనలే లేవని కాదు. గ్రీన్ జోన్‌లోనూ 400 అడుగుల లోపే ఎగరేయాలి. విమానాశ్రయాల చుట్టూ, సైనిక స్థావరాల దగ్గర ఆంక్షలుంటాయి. డిజిటల్ స్కై మ్యాపులో మీ స్థలం ఏ రంగులో ఉందో, మీ విమానానికి రిజిస్ట్రేషన్ కావాలో లేదో ముందే చూసుకోండి. ఉల్లంఘిస్తే జరిమానా లక్ష రూపాయల దాకా ఉండొచ్చు. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీంచి మాత్రం వద్దే వద్దు. సంక్రాంతి వారంలో మేం అసలు బయటికే తీయం, ఆకాశం నిండా మాంజా ఉంటుంది.

మరి ఆ తండ్రికి ఏం చెప్పాను?

ఫోన్ చేసి, ఆ పద్దెనిమిది వేలది ఇప్పుడు కొనొద్దన్నాను. ముందు చేత్తో విసిరే గ్లైడర్ చేయించమన్నాను, నూరు రూపాయల లోపు. ముక్కు దగ్గర మైనం ముద్ద పెడితే ఏమవుతుంది, తోక వంచితే ఏమవుతుంది అన్నది ఆ గ్లైడర్ దగ్గరే తెలుస్తుంది. రైట్ సోదరులకి వాళ్ల నాన్న 1878లో తెచ్చిచ్చింది కూడా రబ్బరు బ్యాండుతో ఎగిరే చిన్న బొమ్మే. తర్వాత రెండు నెలలు సిమ్యులేటర్. అప్పటికీ ఆసక్తి ఉంటే నలుగురు పిల్లలు కలిసి ఒక రిమోట్, ఒక ఛార్జర్ కొనుక్కోవచ్చు. ఏడు వేలు నలుగురికి పంచితే తలా పదిహేడు వందల యాభై. విమానం, బ్యాటరీ ఎవరివి వాళ్లవి. తలకి ఏడు వేల లోపు తేలిపోతుంది. ఎయిర్ వింగ్ ఎన్‌సీసీ ఉన్నచోట చేరే వీలుంటే ఇంకా మంచిది, వాళ్ల శిక్షణలో ఏరోమోడలింగ్ ఉంది.

"పుట్టినరోజు నాడు గ్లైడర్ ఇస్తే చిన్నబుచ్చుకుంటుందేమో సార్" అన్నారాయన. చిన్నబుచ్చుకుందట కూడా, రెండు రోజులు మాట్లాడలేదట. పోయిన శనివారం లంచ్ బ్రేకులో ఆ అమ్మాయి ఫిజిక్స్ ల్యాబ్‌కి వచ్చింది. చేతిలో రెండో గ్లైడర్. మొదటిది ఎడమకే తిరిగిపోతోందట, ఎందుకో చెప్పమంది. చూస్తే ఎడమ రెక్క కుడి రెక్క కన్నా అర సెంటీమీటరు పొట్టిగా ఉంది. నేను చెప్పలేదు. స్కేలు ఇచ్చి కొలవమన్నాను.