జుమికి తీగ - దాని ఆఫ్రికా చుట్టం

బాలలూ! ఆత్రేయపురం పేరు చెప్పగానే మీకు పూతరేకులు గుర్తుకు వస్తాయి. ఈసారి మాత్రం మనం అక్కడి మిఠాయి సంగతి పక్కనపెట్టి, ఆ ప్రాంతంలో కంచెలమీద పాకే ఒక తీగను గురించి చెప్పుకుందాం.

ఆత్రేయపురం కోనసీమ జిల్లాలో వున్నది. గోదావరి గౌతమి, వసిష్ఠ అనే పాయలుగా చీలే చోటు దానికి ఎంతో దూరం కాదు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నాటినుంచీ కాలవల నీళ్ళు ఈ నేలను తడుపుతూ వచ్చాయి. ఇలాంటి నేలలో గట్లవెంట, తుప్పలమీద, ఎవరూ నాటకుండానే తెల్ల జుమికి అనే తీగ పెరుగుతుంది. దీని పుట్టినిల్లు అమెరికా ఖండపు వేడి ప్రదేశాలు. శాస్త్రజ్ఞులు దీన్ని పాసిఫ్లోరా ఫీటిడా అంటారు. ఫీటిడా అంటే కంపుకొట్టేది అని అర్థం. ఒక ఆకు నలిపి వాసన చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో మీకే తెలుస్తుంది!

ఈ తీగను ఎలా గుర్తుపట్టాలి? ముందు దాని నులితీగలను చూడండి. ఆకు కాండంతో కలిసే మూలనుంచి సన్నని తీగ బయలుదేరి, ఏదైనా పుల్ల దొరకగానే దాన్ని చుట్టుకుంటుంది. తరవాత స్ప్రింగులాగా మెలికలు తిరుగుతుంది. ఆ మెలికలను జాగ్రత్తగా గమనించండి. సగం మెలికలు ఒకవైపుకు, మిగతా సగం రెండోవైపుకు తిరిగి వుంటాయి. గాలి గట్టిగా వీచినా ఈ స్ప్రింగు సాగుతుందేగాని తెగదు. డార్విన్ అనే గొప్ప శాస్త్రజ్ఞుడు 1865లో పాకే మొక్కలను గురించి రాసినప్పుడు ఈ సంగతి వివరించాడు.

ఇక పువ్వు. తోటల్లో పెంచే కౌరవ పాండవ పువ్వు మీరు చూసే వుంటారు. చుట్టూ వున్న పోగులు నూరుగురు కౌరవులు, వాటిపైన వున్న అయిదు కేసరాలు పంచపాండవులు, నడినెత్తిన వున్న మూడు కీలాలు త్రిమూర్తులు అని పెద్దలు చమత్కారంగా చెబుతారు. మన జుమికి పువ్వు దానికి చెల్లెలే. ఇది చిన్నది, తెల్లనిది. పొద్దున్నే విప్పుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది.

పువ్వు కింద వలలాంటి ఆకులు మూడు వుంటాయి. వాటి పోగుల చివర్ల జిగురు బొట్లు మెరుస్తాయి. మొగ్గను, కాయను తినడానికి వచ్చిన చిన్న పురుగులు ఆ జిగురుకు అంటుకుని చస్తాయి. ఆ జిగురులో మాంసకృత్తులను అరిగించే పదార్థాలు కూడా వున్నట్టు మన దేశపు శాస్త్రజ్ఞులు 1995లో ప్రకటించారు. వల కట్టి కాయను కాపాడుకునే తీగ అన్నమాట!

కాయ పచ్చగా వున్నంతకాలం ఈ తీగకు మరో కాపలా కూడా వున్నది. ఆకుల్లోను, పచ్చికాయల్లోను, నమిలితే సయనైడు అనే విషాన్ని పుట్టించే పదార్థం వుంటుంది. సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల సగ్గుబియ్యం మిల్లులకు వెళ్ళే కర్రపెండలంలోనూ ఇటువంటి పదార్థమే వుంటుంది. అందుకే ఆ దుంపను పచ్చిగా తినకూడదు. జుమికి పండు పండి పసుపు రంగుకు తిరిగాక పిట్టలు తిని, దాని విత్తులను దూరంగా వేస్తాయి. విత్తు ముదిరేదాకా విషం, ముదిరాక విందు!

ఇప్పుడు మనం సముద్రం దాటి ఆఫ్రికా ఖండం దక్షిణ భాగానికి వెళదాం. ఈ కుటుంబానికే చెందిన అడీనియా డిజిటేటా అనే అడవి మొక్క అక్కడ వున్నది. దానికీ నులితీగలు వుంటాయి. ఆకులు చేతివేళ్ళలాగా చీలి వుంటాయి. కాని చాలా విషయాల్లో అది మన తీగకు భిన్నమైనది. ఆడపువ్వులు ఒక మొక్కకు, మగపువ్వులు మరొక మొక్కకు పూస్తాయి. పండు మెత్తబడి వూరుకోక, పగిలి విచ్చుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైన తేడా, నేలలోపల దానికి ఒక దుంప వుంటుంది.

దుంప ఎందుకు? అక్కడ ఏడాదిలో చాలా నెలలు వాన వుండదు. కాలవ నీరూ వుండదు. ఎండాకాలంలో పైన తీగ ఎండిపోతుంది. నీటిని, ఆహారాన్ని దాచుకున్న దుంప మాత్రం నేలలో బతికి వుండి, వాన పడగానే కొత్త మొలక వేస్తుంది. మన కంద మొక్క చేసే పని కూడా ఇదే కదా!

కాని కందను కూర వండుకుంటాం. ఈ దుంపను తింటే ముప్పు. అందులో సయనైడు పుట్టించే పదార్థంతోపాటు మోడెక్సిన్ అనే మరో విషం వున్నది. ఆముదపు గింజలో వుండే రైసిన్ లాగే అది మన శరీరంలోని కణాలు మాంసకృత్తులను తయారుచేసుకోకుండా అడ్డుపడుతుంది. తినే దుంప అని పొరబడి దాన్ని తిన్నవారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎండకాలమంతా నేలలో దాచుకున్న తిండి జంతువుల పాలు కాకుండా మొక్క ఈ విషంతో కాపాడుకుంటుంది. మనుషులకు అదే మృత్యువు అయింది.

చూశారా! ఒకే కుటుంబంలో ఒకటి పండినాక తినదగిన పండు ఇస్తుంది, మరొకటి ప్రాణం తీసే దుంప పెంచుతుంది. "దీని చుట్టం తినదగినదే కదా, ఇది కూడా తినవచ్చు" అనుకోవడం ఎంత అపాయమో! ఏ అడవి కాయనైనా, దుంపనైనా దాన్ని బాగా తెలిసిన పెద్దలకు చూపకుండా నోట పెట్టకండి.

చూడడానికి మాత్రం ఎవరి అడ్డూ లేదు. ఈ ఆదివారం పొద్దున్నే అమ్మనో, నాన్ననో వెంటబెట్టుకుని కాలవగట్టుకు వెళ్ళండి. జుమికి తీగ కనిపిస్తే ఒక నులితీగ మెలికలు ఎటువైపు తిరిగాయో, ఎక్కడ దిక్కు మార్చుకున్నాయో లెక్కపెట్టండి. వలలో ఎన్ని చీమలు చిక్కాయో చూడండి. ఇంటికి వచ్చాక బొమ్మ గీసి, చేతులు శుభ్రంగా కడుక్కోండి!