సంవర్గమాన గణనలలో సార్థక అంకెలు

సంవర్గమానము (లాగరిథం), ప్రతిసంవర్గమానము (యాంటీలాగ్) కట్టినప్పుడు జవాబులో ఎన్ని అంకెలు నమ్మదగినవో నిర్ణయించే పద్ధతి ఇది. రసాయన శాస్త్రములో పీహెచ్ లెక్కలలో దీని అవసరము ఎక్కువ. కూడికలకు, గుణకారములకు నేర్చుకున్న సూత్రములు ఇక్కడ పనిచేయవు.

నియమము

ఒక సంఖ్యలో ఎన్ని సార్థక అంకెలు ఉన్నవో, దాని సంవర్గమానములో దశాంశ బిందువు తరువాత అన్ని అంకెలు ఉంచవలెను. ప్రతిసంవర్గమానమునకు ఇదే తిరగేసి వర్తిస్తుంది.

హైడ్రోజన్ అయానుల గాఢత లీటరుకు 3.5 × 10⁻⁵ మోల్‌లు అనుకుందాము. 3.5కు పట్టికలో 0.5441 వస్తుంది. కాబట్టి పీహెచ్ 5 − 0.5441 = 4.4559. గాఢతలో సార్థక అంకెలు రెండే కనుక దీనిని 4.46 అని వ్రాయాలి. ఇందులో మూడు అంకెలు కనిపించినా, బిందువుకు ముందున్న 4 కొలత సూక్ష్మతను తెలుపదు. అది 10 యొక్క ఘాతము నుండి వచ్చినది, అంటే సంఖ్య ఏ స్థాయిలో ఉన్నదో మాత్రమే చెబుతుంది. విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

నీటి పరీక్షలో

ఖమ్మం జిల్లా కుసుమంచి మండలములోని పాలేరు జలాశయము నాగార్జునసాగర్ ఎడమ కాలువపై ఉన్నది. ఆ నీటి నమూనా ఒకదానికి పీహెచ్ 7.4 వచ్చినదని ఊహిద్దాము. క్యాలిక్యులేటరు గాఢతను 3.981 × 10⁻⁸ అని చూపుతుంది. కానీ 7.4 అనగా 7.35, 7.45ల మధ్య ఏదైనా కావచ్చు. ఆ హద్దులకు గాఢతలు వరుసగా 4.5 × 10⁻⁸, 3.5 × 10⁻⁸. అందుచేత 4 × 10⁻⁸ అని మాత్రమే వ్రాయుట సబబు. మీటరు 7.40 అని చూపితే 4.0 × 10⁻⁸ అని వ్రాయవచ్చు. రంగు కాగితము ముంచి పీహెచ్ 7 అని చెబితే సార్థక అంక ఒక్కటీ లేనట్లే, తెలిసినది 10⁻⁷ అనే స్థాయి మాత్రమే.

భారత ప్రమాణము ఐఎస్ 10500 (2012) తాగునీటి పీహెచ్ 6.5 నుండి 8.5 వరకు ఉండవచ్చునంటుంది. చూడడానికి ఇరుకైన ఈ వ్యవధిలో అయానుల గాఢత నూరు రెట్లు మారుతుంది.

కారణము, పరిమితి

పీహెచ్‌లో 0.01 తేడా గాఢతలో సుమారు 2.3 శాతము తేడాకు సమానము. సంవర్గమానములోని స్థిరమైన తేడా అసలు సంఖ్యలో శాతముగా మారుతుంది. నియమమునకు మూలము ఇదే. అయితే ఇది ఉజ్జాయింపే. 1.0లో చివరి అంకె ఒకటి మారితే తేడా 10 శాతము, 9.9లో సుమారు 1 శాతము. నియమము మాత్రము రెండింటికీ రెండు దశాంశ స్థానములే ఇస్తుంది.

పట్టికలో దొరికిన నాలుగు అంకెలను మధ్య మెట్లలో అలాగే ఉంచి, సవరణ చివర ఒక్కసారే చేయవలెను. ప్రతి మెట్టులోనూ సవరిస్తూ పోతే జవాబు చివరి అంకె తప్పవచ్చు.