డిజిటల్ సంతకం

పూర్వం రాజశాసనానికి రాజముద్ర ప్రమాణం. దస్తావేజుకు సంతకమో, వేలిముద్రో ప్రమాణం. మరి కంప్యూటర్ ద్వారా పంపే పత్రానికి ప్రమాణమేది? రాసినవారెవరో, నడుమ ఎవరైనా దానిని మార్చారో లేదో తెలిసేదెట్లా? ఈ ప్రశ్నలకు గణితశాస్త్రం చెప్పిన సమాధానమే డిజిటల్ సంతకం.

దీనికి ఆధారం ఒక జత తాళంచెవులు. వాటిని ‘కీ’లంటారు. ఈ భావనను 1976లో డిఫీ, హెల్‌మన్ ప్రకటించారు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ దానిని ఆచరణయోగ్యం చేశారు. వారి పేర్ల తొలి అక్షరాలతో ఆ పద్ధతి ఆర్‌ఎస్‌ఏగా ప్రసిద్ధి పొందింది. 61ని 53తో గుణిస్తే 3233 అని సులభంగా చెప్పగలం. కాని 3233 ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమో కనుగొనడానికి శ్రమ పడాలి. ఆ లబ్ధంలో ఆరువందలకు పైగా అంకెలుంటే నేటి కంప్యూటర్లకు సైతం అది దుస్సాధ్యం. ఈ కాఠిన్యమే సంతకానికి రక్ష.

జతలో ఒకటి రహస్య కీ, మరొకటి బహిరంగ కీ. పత్రం నుంచి ‘హ్యాష్’ అనే సంక్షిప్త సంఖ్యను రాబట్టి, దానిపై రహస్య కీతో సంతకం చేస్తారు. బహిరంగ కీతో ఎవరైనా దానిని సరిచూడవచ్చు. పత్రంలో ఒక్క అక్షరం మారినా సంతకం సరిపోలదు.

అయితే ఫలానా బహిరంగ కీ ఫలానా వ్యక్తిదేనని చెప్పే సాక్షి ఎవరు? మన దేశంలో 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం ఇందుకు మార్గం చూపింది. కంట్రోలర్ నుంచి లైసెన్సు పొందిన ధ్రువీకరణ సంస్థలే ఆ సాక్షులు. దరఖాస్తుదారు సాధారణంగా యూఎస్‌బీ టోకెన్‌లోనే కీల జతను సృష్టించుకుంటాడు. బహిరంగ కీని, తన వివరాలను చేర్చి, రహస్య కీతో సంతకం చేసి అభ్యర్థన పంపుతాడు. రహస్య కీ మాత్రం టోకెన్ దాటి రాదు. సంస్థ అతని గుర్తింపును పరిశీలించి, పేరు, బహిరంగ కీ, గడువు తేదీ గల ధ్రువపత్రంపై తన సంతకం చేసి అందజేస్తుంది.

కంపెనీల నివేదికలు, ప్రభుత్వ టెండర్లు నేడు ఈ సంతకంతోనే దాఖలవుతున్నాయి. పని సులభమవుతుందని కొందరు టోకెన్‌ను, పాస్‌వర్డ్‌ను ఇతరుల చేతికిస్తుంటారు. అది ఖాళీ కాగితంపై సంతకం చేసి ఇవ్వడమే. ఎవరు వాడినా సంతకం యజమానిదిగానే కనిపిస్తుంది. కాదని నిరూపించుకొనే భారం అతనిపైనే పడుతుంది. రహస్య కీని జాగ్రత్తగా కాపాడుకోవడం, అది పరుల పాలైతే వెంటనే సంస్థకు తెలియజేయడం చట్టం విధించిన కర్తవ్యాలు. అప్పుడు సంస్థ ఆ ధ్రువపత్రాన్ని రద్దు చేసి, రద్దయిన వాటి జాబితాలో చేర్చి అందరికీ వెల్లడిస్తుంది. గణితం ఎంత దృఢమైనదైనా, తాళంచెవిని దాచుకోవలసినది మనిషే.