పాలు తాగుతూ అలసిపోయే పసిబిడ్డ

పెద్దలకు మెట్లెక్కడం ఎంతటి శ్రమో, చంటిబిడ్డకు తల్లిపాలు తాగడం అంతటి శ్రమ. గుండె సరిగా లేని బిడ్డ నాలుగు గుక్కలు తాగి ఆగిపోతుంది. నుదుట చెమట పడుతుంది. ఆయాసంతో రొమ్ము విడిచి ఏడుస్తుంది, కాసేపటికే మళ్ళీ ఆకలంటుంది. డొక్కలు ఎగరవేస్తుంది, బరువు పెరగదు, మాటిమాటికీ నెమ్ము చేస్తుంది. దెందులూరు పరిసర గ్రామాలలోనైనా, కొల్లేటి లంకలలోనైనా ఇటువంటి బిడ్డను చూసి మన ఇళ్ళలో పెద్దలు అనే మాట తెలిసిందే: తల్లికి పాలు చాలడం లేదు, లేదా దిష్టి తగిలింది. డబ్బాపాలు మొదలవుతాయి, తాయెత్తు కడతారు. అంతలో ఆరు నెలలు గడిచిపోతాయి.

ఆ ఆరు నెలల విలువ తెలియాలంటే గుండె లోపలికి చూడాలి. కింది రెండు గదుల మధ్య గోడలో పెద్ద రంధ్రం ఉంటే, శరీరానికి పోవలసిన రక్తంలో కొంత ఊపిరితిత్తులలోకి మళ్ళుతుంది. ఆ ఒత్తిడికి అక్కడి రక్తనాళాలు క్రమంగా గట్టిపడతాయి. అవి పూర్తిగా చెడిపోయిన తరువాత రంధ్రాన్ని మూయడం ప్రాణాపాయమవుతుంది. మొదట్లో నయం చేయగలిగినది, ఆలస్యమైతే శస్త్రవైద్యుడు కూడా ముట్టుకోలేనిదవుతుంది.

ఆ గోడ గురించి ఒక సంగతి మన పాఠకులకు చెప్పాలనిపిస్తోంది. దానిలో కంటికి కనిపించని రంధ్రాల గుండా రక్తం పారుతుందని గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పగా, వైద్యలోకం శతాబ్దాలపాటు నమ్మింది. డమాస్కస్‌లో చదివి కైరోలో వైద్యం చేసిన ఇబ్నె నఫీస్ 13వ శతాబ్దంలో దానిని కాదన్నాడు. గోడ గట్టిగా ఉందనీ, రక్తం ఊపిరితిత్తుల గుండానే ఎడమ వైపుకు చేరుతుందనీ రాశాడు. ఆయన లేదన్న రంధ్రమే ఈ పిల్లల జబ్బు.

పుట్టే ప్రతి వెయ్యి మందిలో సుమారు 8 మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుంది. మన దేశంలో ఏటా 2 లక్షలకు పైగా అలాంటి పిల్లలు పుడుతున్నారని అంచనా. వారిలో ఐదోవంతు మందికి మొదటి ఏడాదిలోనే చికిత్స కావాలి. పుట్టిన 24 గంటల తరువాత కుడిచేతికి, ఒక పాదానికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూస్తే కొన్ని ప్రమాదకర లోపాలు బయటపడతాయి. సూది అక్కరలేదు, కొద్ది నిమిషాల పని. ఆక్సిజన్ 95 శాతానికి తగ్గితే మళ్ళీ పరీక్షించాలి. 90కి తగ్గితే వెంటనే వైద్యుడు చూడాలి. అయితే పైన చెప్పిన రంధ్రం ఈ పరీక్షకు చాలాసార్లు దొరకదు. అందుకే ఇంటికి వచ్చాక తల్లి కన్నే ముఖ్యం. అనుమానం కలిగితే అడగవలసినది ఎకో పరీక్ష.

దారి లేకపోలేదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షించాలి. వారు చూసే 30 రకాల లోపాలలో గుండె జబ్బు ఒకటి. ఏలూరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఆపరేషన్‌కు మాత్రం మరికొంత దూరం వెళ్ళాలి. విజయవాడ ఆంధ్రా హాస్పిటల్స్‌లో బ్రిటన్‌కు చెందిన హీలింగ్ లిటిల్ హార్ట్స్ సంస్థ వైద్యులు వచ్చి పసివారికి శస్త్రచికిత్సలు చేసి వెళుతుంటారు. తిరుపతిలో 2021 అక్టోబరులో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ప్రారంభమైంది. పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రి 1991 నుంచి ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తోంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం పేద పిల్లల గుండె శస్త్రచికిత్సల ఖర్చు భరిస్తుంది.

చెప్పక తప్పని మాట మరొకటుంది. మన కుటుంబాలలో చిన్నాన్న, మేనత్త పిల్లల మధ్య సంబంధాలు మామూలే. చుట్టుపక్కల హిందూ కుటుంబాలలో మేనరికాలూ అంతే. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో వేలాది జననాలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళలో పుట్టుక లోపాల అవకాశం సుమారు 3 శాతం నుంచి 6 శాతానికి పెరిగింది. ఎక్కువమంది బిడ్డలు ఆరోగ్యంగానే పుడతారు, అది నిజం. కానీ ఇంట్లో ఒక బిడ్డకు ఇప్పటికే గుండె లోపం ఉంటే, మరో తరంలో అదే సంబంధం కలుపుకునే ముందు వైద్యుని సలహా అడగడంలో తప్పేమీ లేదు. గర్భిణికి తొలి నెలల్లో రుబెల్లా సోకినా శిశువు గుండె దెబ్బతింటుంది. ఆ ముప్పును ఆపే ఎంఆర్ టీకాను వదంతులు విని ఆడపిల్లలకు మాన్పించడం మాత్రం మన్నించరానిది.

ఆపరేషన్ ఉచితమే. కానీ కొల్లేటి చేపల చెరువు మీద కాపలా ఉండే తండ్రి విజయవాడలో పదిహేను రోజులు కూర్చుంటే ఆ కూలి ఎవరిస్తారు? ఇంటి దగ్గర మిగిలిన పిల్లలకు అన్నం ఎవరు పెడతారు? ఆపరేషన్ తరువాత నెలనెలా చూపించడానికి బస్సు చార్జీలు ఎక్కడివి? రమజాన్‌లో జకాత్ పంచడానికి పేర్లు రాసుకునే మస్జిద్ కమిటీలు, ఈ ఏడు తమ ఊరి అంగన్‌వాడీ కార్యకర్తను కూడా ఒకసారి అడిగి చూడవచ్చు. ఎదుగుదల ఆగిన బిడ్డ ఏ ఇంట్లో ఉన్నదో ఆమె బరువుల పుస్తకంలో రాసి ఉంటుంది.