చట్టానికి హద్దులున్నాయి, పొగకు లేవు

బళ్లారి బస్టాండులో సిగరెట్ ముట్టిస్తే 1,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. రాష్ట్ర సరిహద్దు దాటి గుంతకల్లు బస్టాండుకు వస్తే అదే సిగరెట్‌కు 200 మించదు. దేశమంతటికీ వర్తించే 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం పెట్టిన పరిమితి అది. కర్ణాటక 2025లో తన సవరణతో దాన్ని ఐదింతలు చేసింది.

డబ్బు సంగతి అలా ఉంచితే, అసలు తేడా చోటును బట్టి వస్తుంది. 2008 అక్టోబరు 2న అమల్లోకి వచ్చిన నిబంధనలు ఆఫీసుల్లో, సినిమా హాళ్లలో, బస్టాపుల్లో పొగతాగడాన్ని నిషేధించాయి. కానీ విమానాశ్రయాలు, 30 గదులున్న హోటళ్లు, 30 మంది కూర్చోగల రెస్టారెంట్లు పొగతాగేవారికి విడిగా ఒక గది పెట్టుకోవచ్చు. ఇరవై కుర్చీల టిఫిన్ సెంటరుకు ఈ వెసులుబాటు లేదు. అందులో పనిచేసే సర్వర్‌కు మాత్రం ఇది మంచిదే!

ఆ గదికీ షరతులున్నాయి. నాలుగువైపులా పైకప్పు దాకా గోడలు ఉండాలి. తలుపు దానంతటదే మూసుకోవాలి. లోపలి గాలి నేరుగా భవనం బయటికే పోవాలి. గదిలో గాలి పీడనం చుట్టుపక్కల కంటే తక్కువగా ఉండాలి, అప్పుడే గాలి లోపలికి వస్తుంది తప్ప బయటికి పొంగదు. లెక్క సరైనదే. అయితే తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆ తేడా తగ్గిపోతుంది, బయటికి నడిచే మనిషి వెంట కొంత పొగ వచ్చేస్తుంది. పొగలోని కణాలు చాలావరకు ఒక మైక్రాన్ కన్నా చిన్నవి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంత సన్నని కణాలు త్వరగా నేలకు దిగవు, గంటల తరబడి గాలిలో తేలుతాయి. ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ వదిలే మామూలు స్ప్లిట్ ఏసీ వాటిని బయటికి పంపలేదు. పక్కవారి పొగకు సురక్షితమైన మోతాదంటూ లేదనీ, విడి గదులు, వెంటిలేషన్ పూర్తి రక్షణ ఇవ్వవనీ అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 2006లోనే తేల్చింది.

చట్టం అసలు అడుగుపెట్టని చోటు ఇల్లు. 2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం, నాలుగు గోడల మధ్య పనిచేసే పెద్దల్లో 30.2 శాతం మంది పనిచోట ఇతరుల పొగ పీలుస్తున్నారు. ఇంట్లో పీలుస్తున్న పెద్దలు 38.7 శాతం. పిల్లలు ఈ లెక్కలో లేరు. వారు పెద్దలకన్నా వేగంగా ఊపిరి తీస్తారు కనుక, అదే గదిలో తమ బరువుకు తగినదానికన్నా ఎక్కువ పొగ లోపలికి పోతుంది.